సింధు ఒడ్డున పుట్టినవాడి సంగతేంటి?

పదో తరగతి నుంచి మన వెంట పడుతున్న యూక్లిడ్ చనిపోయాక ఎక్కడికి వెళ్ళి ఉంటాడు? నరకానికే అని, రాత్రి పన్నెండింటికి డ్రాయింగ్ షీట్లు గీస్తూ మనలో కొందరైనా అనుకుని ఉంటారు. చిత్రం ఏంటంటే ఏడు వందల ఏళ్ళ క్రితం ఇటలీలో ఒక కవి నిజంగానే అలా రాశాడు. యూక్లిడ్ నరకంలోనే ఉన్నాడు. పక్కనే టాలమీ, వాళ్ళకి పెద్దగా అరిస్టాటిల్, ఆయన దగ్గర్లో సోక్రటీస్, ప్లేటో. అయితే అక్కడ మంటలు లేవు, కాగే నూనె లేదు, కొరడాలు లేవు. ఏడు ప్రాకారాల కోట ఉంది, చుట్టూ ఒక చక్కని వాగు ఉంది, లోపల పచ్చిక బయలు ఉంది. వాళ్ళంతా నెమ్మదిగా, తక్కువగా మాట్లాడుకుంటూ అక్కడ తిరుగుతుంటారు. ఎప్పటికీ అక్కడే ఉంటారు. వాళ్ళు చేసిన నేరం ఏమీ లేదు. వాళ్ళలో చాలామంది క్రీస్తు కంటే ముందు పుట్టారు, అంతే.

ఆ కవి డాంటే అలిగియెరి, ఆ పుస్తకం డివైన్ కామెడీ. ఇన్‌ఫెర్నో అన్న మాట హాలీవుడ్ సినిమా వల్లో, డాన్ బ్రౌన్ నవల వల్లో మన బ్యాచ్‌లో చాలామందికి తెలుసు. నరకంలో తొమ్మిది వలయాలుంటాయని, ఒక్కో పాపానికి ఒక్కో శిక్ష ఉంటుందని కూడా తెలుసు. అపరిచితుడు సినిమా చూసి గరుడ పురాణం అంటే కుంభీపాకం మాత్రమే అనుకున్నట్టే, డాంటే అంటే శిక్షల లిస్టు అనుకుని వదిలేస్తాం. కానీ ఆ మనిషిని జీవితాంతం కొరికిన ప్రశ్న శిక్షల గురించి కాదు. తప్పు చేయనివాడికి, కేవలం కబురు అందనివాడికి, తలుపు ఎందుకు మూసి ఉండాలి అన్నది. అది ఆయనకి పుస్తకాల్లో దొరికిన ప్రశ్న మాత్రమే కాదు, ఎందుకో ఆయన బతుకు చూస్తే తెలుస్తుంది.

1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. గొప్ప ధనవంతుల కుటుంబం కాదు, అలాగని లేనివాళ్ళూ కాదు. చిన్నప్పుడే తల్లి పోయింది, ఇరవై నిండకముందే తండ్రి పోయాడు. ఊరి మధ్యలో శాన్ జొవాన్ని అనే ఎనిమిది పలకల కట్టడం ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో ఫ్లోరెన్స్‌లో పుట్టిన పిల్లలందరికీ జ్ఞానస్నానం అక్కడే. డాంటేకి కూడా. ఆ కట్టడం అంటే ఆయనకి ప్రాణం. ఒకసారి అక్కడి జ్ఞానస్నానపు తొట్టిలో ఎవరో మునిగిపోతుంటే కాపాడటానికి దాన్ని తానే పగలగొట్టానని తన పుస్తకంలో, అదీ నరకం గురించి రాస్తూ మధ్యలో, సంజాయిషీలా చెప్పుకున్నాడు. ఆ నీళ్ళు తల మీద పడటమే స్వర్గానికి మొదటి మెట్టు అని అందరూ నమ్మిన కాలం అది. ఈ తొట్టి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

తొమ్మిదేళ్ళప్పుడు బియాట్రిస్‌ని చూశాడు. తనూ దాదాపు అదే వయసు పిల్ల. ఆ తర్వాత జరిగింది ప్రేమకథ అనాలా, ఒకవైపు ఆరాధన అనాలా నాకు తెలీదు. ఆమె ఒక బ్యాంకర్ కుటుంబంలోకి కోడలిగా వెళ్ళింది. ఈయనకి పన్నెండేళ్ళప్పుడే పెద్దవాళ్ళు జెమ్మా దొనాతి అనే అమ్మాయితో పెళ్ళి ఖాయం చేసేశారు, పిల్లలు కూడా పుట్టారు. ఆ ఇల్లాలి గురించి అంత పెద్ద కవి ఒక్క ముక్క కూడా రాయలేదు. పాపం అనిపిస్తుంది. 1290లో, ఇరవై నాలుగేళ్ళకే, బియాట్రిస్ చనిపోయింది.

ఆ దుఃఖంలో ఈయన చేసిన పని పుస్తకాలు పట్టుకోవడం. బొయీథియస్ జైల్లో కూర్చుని రాసుకున్న ఓదార్పు పుస్తకం చదివాడు. స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడి గురించి సిసెరో రాసిన పుస్తకం చదివాడు. సిసెరో క్రీ.పూ. 43లో హత్యకి గురైన రోమన్, క్రీస్తు పేరు విననివాడు, వినే వీలే లేనివాడు. అక్కడి నుంచి మఠాల్లో నడిచే పాఠశాలలకి, వాదోపవాదాలకి వెళ్ళడం మొదలైంది. అరిస్టాటిల్ దొరికాడు. వీళ్ళందరికంటే ముందే, ఎప్పటి నుంచో, వర్జిల్ ఉన్నాడు. క్రీ.పూ. 70లో పుట్టి క్రీ.పూ. 19లో పోయిన రోమన్ కవి. ఆయన రాసిన ఈనియడ్ అనే మహాకావ్యం డాంటేకి మొదటి నుంచి చివరిదాకా నోటికొచ్చు. మన పాతతరం వాళ్ళకి పోతన భాగవతం ఎలాగో అలా.

ఇక్కడే ముడి పడింది. తన తలనీ, తన భాషనీ, చివరికి తన దుఃఖాన్నీ నిలబెట్టినవాళ్ళంతా బాప్తిస్మం లేనివాళ్ళు. ఈయన చూస్తే పక్కా విశ్వాసి. చర్చి చెప్పేదాన్ని తేలిగ్గా తీసుకునే రకం కాదు.

చర్చి చెప్పేదేంటి? క్రీస్తు ద్వారా తప్ప రక్షణ లేదు, జ్ఞానస్నానం తప్పనిసరి. మరి ఆయన పుట్టకముందు బతికినవాళ్ళు? అబ్రహాము, మోషే, దావీదు లాంటివాళ్ళు రాబోయేవాడి కోసం ఎదురుచూశారు కాబట్టి, క్రీస్తు సిలువ మీద చనిపోయాక పాతాళానికి దిగి వాళ్ళని వెంటబెట్టుకుపోయాడని నమ్మకం. ఆ పాతాళపు అంచుకే లింబో అని పేరు. సరే, వాళ్ళ సంగతి తేలింది. గ్రీకులు, రోమన్లు, ఇంకా ఆ కబురే చేరని దేశాలవాళ్ళ మాటేంటి? దీని మీద వెయ్యేళ్ళు కొట్టుకున్నారు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే ఆయన, వివేకానికి కట్టుబడి బతికిన సోక్రటీస్ లాంటివాళ్ళు తెలియకుండానే క్రైస్తవులని వాదించాడు. అగస్టీన్ దగ్గరికొచ్చేసరికి తలుపు గట్టిగా బిగుసుకుంది, ఆయన లెక్కలో బాప్తిస్మం లేని పసిబిడ్డలకి కూడా మినహాయింపు లేదు. పన్నెండో శతాబ్దంలో అబెలార్డ్ మళ్ళీ తత్వవేత్తల పక్షాన మాట్లాడాడు. థామస్ అక్వినాస్ మధ్యేమార్గం చూశాడు. అడవిలో ఒంటరిగా పెరిగినవాడైనా తన బుద్ధికి తోచిన మంచి దారిలో నడిస్తే, అవసరమైనది దేవుడే లోపలి ప్రేరణతోనో, ఎవరినైనా పంపించో తెలియజేస్తాడని అన్నాడు. అక్వినాస్ పోయింది 1274లో. డాంటే మొదటిసారి బియాట్రిస్‌ని చూసిన ఏడాదే.

ఇది ఎక్కడో ఇటలీ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. మన కోస్తాలో, తెలంగాణలో ఎన్నో కుటుంబాలు కొన్ని తరాల కింద క్రైస్తవంలోకి వచ్చాయి. ముత్తాత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన తండ్రి తీసుకోలేదు, ఎందుకంటే ఆయన బతికుండగా ఆ ఊరికి ఆ మాటే రాలేదు. సమాధుల పండుగ నాడు ముత్తాత సమాధి మీద కొవ్వొత్తి వెలిగించే మనవడికి, మరి ఆయన తండ్రి సంగతేంటి అన్న ప్రశ్న ఎప్పుడో ఒకసారి రాకుండా ఉంటుందా? నమ్మేవాడికి అది ఎగ్జామ్ ప్రశ్న కాదు, ఇంట్లో మనిషి ప్రశ్న. డాంటేకి వర్జిల్ అలాంటి ఇంట్లో మనిషి.

కానీ పుస్తకం రాయడానికి ముందు ఆయన రాజకీయాల్లో దిగాడు, కాలు జారాడు. 1289లో కంపాల్దీనో యుద్ధంలో గుర్రం మీద పోరాడాడు. ఫ్లోరెన్స్‌లో పదవి కావాలంటే ఏదో ఒక వృత్తి సంఘంలో పేరు ఉండాలి కాబట్టి 1295లో వైద్యులు, మందుల వర్తకుల సంఘంలో చేరాడు. వైద్యం మాత్రం చేయలేదు. (బ్రాంచి ఒకటి, ఉద్యోగం ఇంకొకటి అన్నది మనతో మొదలైన సంప్రదాయం కాదన్నమాట.) 1300 జూన్ 15 నుంచి ఆగస్ట్ 15 దాకా రెండు నెలలు నగరాన్ని నడిపే ఆరుగురు ప్రయర్లలో ఒకడు. ఊళ్ళో అప్పటికే నల్ల పక్షం, తెల్ల పక్షం అని రెండు ముఠాలు. గొడవలు ఆపడానికి ప్రయర్లు రెండు వైపుల నాయకుల్నీ ఊరి బయటికి పంపారు. వాళ్ళలో డాంటే ప్రాణస్నేహితుడు, కవి గ్విదో కవల్కాంతి కూడా ఉన్నాడు. అక్కడ జబ్బుపడి, తిరిగొచ్చిన కొద్దిరోజులకే చనిపోయాడు. స్నేహితుణ్ణి వెళ్ళగొట్టిన ఆదేశంలో తన చెయ్యి కూడా ఉంది. దీని బరువు ఆయన మీద ఎంత పడిందో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

రెండేళ్ళు తిరక్కుండా తన వంతు వచ్చింది. పోప్ ఎనిమిదో బోనిఫేస్ నల్ల పక్షానికి లోపాయికారీగా సాయం చేస్తున్నాడు. ఆయనతో మాట్లాడటానికి 1301లో డాంటే రాయబారిగా రోమ్ వెళ్ళాడు. ఈయన అటు ఉండగానే ఫ్రెంచ్ రాకుమారుడు ఛార్లెస్ సైన్యంతో ఫ్లోరెన్స్‌లో దిగాడు, నల్లవాళ్ళు ఊరిని చేతిలోకి తీసుకున్నారు. 1302 జనవరి 27న తీర్పు. లంచాలు తిన్నాడని నేరం, అయిదు వేల ఫ్లోరిన్ల జరిమానా, రెండేళ్ళ బహిష్కరణ. హాజరు కాలేదు, కట్టలేదు. మార్చి 10న తీర్పు మారింది. దొరికితే సజీవంగా తగలబెట్టాలి. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరు. మళ్ళీ ఆ ఊరు చూడలేదు.

తర్వాతి పంతొమ్మిదేళ్ళు ఊరూరా తిరగడమే. వెరోనా, లునిజానా, మళ్ళీ వెరోనా, చివరికి రవెన్నా. ఇంకొకరి ఇంట్లో తినే రొట్టె రుచి ఎలా ఉంటుందో, ఇంకొకరి మేడమెట్లు ఎక్కి దిగడం ఎంత కష్టమో బాగా తెలిసొచ్చింది. ఆ తిరుగుడులోనే, 1308 ప్రాంతంలో అని ఎక్కువమంది అంటారు, కామెడీ మొదలుపెట్టాడు. లాటిన్ పండితులు ముక్కు విరుస్తారని తెలిసీ, ఆడవాళ్ళూ బజారు జనాలూ మాట్లాడే టస్కన్ భాషలో రాశాడు. దాదాపు ఆ శతాబ్దంలోనే ఇక్కడ పాల్కురికి సోమనాథుడు సంస్కృత భారం దించి జాను తెనుగులో ద్విపద రాశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు, అయినా పక్కపక్కన పెట్టి చూస్తే బాగుంటుంది.

కథ మీకు తెలిసే ఉంటుంది. 1300 ఈస్టర్ వారం. అడవిలో దారితప్పిన డాంటే ముందుకి వర్జిల్ ఆత్మ వస్తుంది. నరకం గుండా కిందికి దింపి, పాపాలు కడుక్కునే పర్గటరీ కొండ ఎక్కించి, స్వర్గం గుమ్మం దాకా తీసుకెళ్తానంటుంది. గుమ్మం దాకానే. లోపలికి బియాట్రిస్ తీసుకెళ్ళాలి, ఎందుకంటే వర్జిల్‌కి లోపలికి పర్మిషన్ లేదు. నూరు సర్గల కావ్యం ఈ ఒక్క షరతు మీద నిలబడింది. దారి చూపేవాడు చేరలేని చోటుకి, చూసేవాడు చేరతాడు.

నరకం మొదటి వలయమే లింబో. అక్కడికి అడుగు పెట్టగానే వర్జిల్ ముఖం పాలిపోతుంది. డాంటే భయమేమో అనుకుంటాడు. భయం కాదు, జాలి అంటాడు వర్జిల్. అది తన సొంత ఊరు కదా. అక్కడ ఏడుపులు లేవు, నిట్టూర్పులు మాత్రం ఉన్నాయి. వాళ్ళ శిక్ష ఒక్కటే, ఆశ లేకుండా కోరికతో బతకడం. అప్పుడు డాంటే కాస్త బెరుకుగా ఒక ప్రశ్న వేస్తాడు, ఇక్కడి నుంచి ఎవరైనా ఎప్పుడైనా బయటపడ్డారా అని. వర్జిల్ చెబుతాడు. తాను చనిపోయి కొత్తగా వచ్చిన రోజుల్లో కిరీటం పెట్టుకున్న ఒక మహాబలుడు దిగొచ్చాడని, ఆదామునీ, నోవహునీ, మోషేనీ, అబ్రహామునీ, దావీదునీ, ఇంకెందరినో తీసుకుపోయాడని. తమని తీసుకుపోలేదని విడిగా చెప్పడు. చెప్పక్కర్లేదు కూడా. క్రీస్తు పేరు కూడా ఎత్తడు. ఆయనకి ఆ పేరు తెలీదో, పలకకూడదో, అక్కడ ఆగి ఆలోచించాల్సిందే.

ఈ ఏర్పాటు డాంటే సొంతం. అప్పటి పండితుల లెక్కలో లింబోలో మిగిలింది బాప్తిస్మం లేని పసిపిల్లలే. పితరులు ఎప్పుడో వెళ్ళిపోయారు. అందులో పెద్దవాళ్ళని, అన్యమతస్తుల్ని పెట్టి, వాళ్ళకో కోట కట్టి, అందులో వెలుగు పెట్టినవాడు ఈయనే. హోమర్, హోరేస్, ఓవిడ్, లూకన్ ఎదురొచ్చి డాంటేని తమలో ఆరోవాడిగా కలుపుకుంటారు. (వినయం కాస్త తక్కువే మనవాడికి.) ఇంకా ఆశ్చర్యం, క్రీస్తు తర్వాత పుట్టినవాళ్ళు కూడా అక్కడున్నారు. ముస్లిం తత్వవేత్తలు ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ ఉన్నారు. జెరూసలేంని క్రైస్తవుల చేతుల్లోంచి లాక్కున్న సలాదీన్ ఒక్కడే ఓ పక్కన నిలబడి ఉన్నాడు. అటు పోపులకేమో నరకం కింది అంతస్తుల్లో తలకిందులుగా గోతుల్లో పాతి అరికాళ్ళకి నిప్పు పెట్టాడు. బోనిఫేస్ 1300కి ఇంకా బతికే ఉన్నాడు కాబట్టి, ఆయన కోసం గొయ్యి రిజర్వ్ చేసి పెట్టాడు.

ఇదంతా చదివి డాంటే తేల్చేశాడు అనుకుంటాం. మంచివాళ్ళకి మంటల్లేని నరకం, అంతటితో కేసు క్లోజ్. కానీ ఆయనకే ఆ జవాబు మింగుడుపడలేదు. పై కావ్యమంతా ఆ జవాబుని తానే గీకి గీకి చూస్తుంటాడు.

పర్గటరీ కొండ కింద కాపలా ఎవరో తెలుసా? కేటో. జూలియస్ సీజర్‌కి లొంగడం ఇష్టం లేక క్రీ.పూ. 46లో ఆత్మహత్య చేసుకున్న రోమన్. క్రైస్తవుడు కాదు, సీజర్ శత్రువు, పైగా ఆత్మహత్య. మూడు లెక్కల్లోనూ నరకంలో ఉండాల్సినవాడు. సీజర్ని చంపిన బ్రూటస్‌ని సాతాను నోట్లో పెట్టిన కవే, ఈయన్ని మాత్రం రక్షణ వైపు పెట్టాడు. ఎందుకో వివరణ ఇవ్వడు. ఆయన భార్య మార్సియా మాత్రం కింద లింబోలోనే ఉంది.

కొండ మీద స్టేషియస్ అనే ఇంకో కవి కలుస్తాడు. క్రీస్తు తర్వాత మొదటి శతాబ్దం రోమన్. ఆయన క్రైస్తవుడని చరిత్రలో ఆధారం లేదు, డాంటే కల్పించాడు. ఎందుకు కల్పించాడో చూడండి. నిన్ను క్రైస్తవం వైపు తిప్పింది ఎవరని అడిగితే స్టేషియస్ వర్జిల్‌నే చూపిస్తాడు. వర్జిల్ ఒక పాత పద్యంలో కొత్త యుగం, కొత్త బిడ్డ పుట్టుక గురించి రాశాడు. మధ్యయుగాలవాళ్ళు అది క్రీస్తు గురించి జోస్యమని నమ్మేవారు. రాసినవాడికి తానేం రాశాడో తెలీదు. చీకట్లో దీపాన్ని వీపు వెనక పట్టుకుని నడిచేవాడిలాంటివాడని స్టేషియస్ అంటాడు. వెనక వచ్చేవాళ్ళకి వెలుగు, తనకి లేదు. స్టేషియస్ స్వర్గానికి పోతున్నాడు. వర్జిల్ వింటూ నిలబడ్డాడు. ఆ తర్వాత కాసేపటికి ఇద్దరూ, పాత కవులు ఎవరెవరు లింబోలో ఎక్కడున్నారో మామూలుగా కబుర్లు చెప్పుకుంటారు. ఊరి మనుషుల యోగక్షేమాలు అడిగినట్టు. కావ్యం మొత్తంలో నాకు అతి కష్టంగా అనిపించే చోటు అదే.

ఆపైన కొండ కొమ్మున, భూలోక స్వర్గంలో, బియాట్రిస్ వస్తుంది. పదేళ్ళ తర్వాత ఆమెని చూసిన డాంటే వణికిపోయి, బెదిరిన పిల్లాడు అమ్మ వైపు తిరిగినట్టు వర్జిల్ వైపు తిరుగుతాడు. వర్జిల్ లేడు. వీడ్కోలు చెప్పకుండా వెళ్ళిపోయాడు. డాంటే ఏడుస్తాడు. అప్పుడు బియాట్రిస్ ఆయన్ని పేరు పెట్టి పిలిచి, వర్జిల్ పోయాడని ఇప్పుడే ఏడవకు అంటుంది. 14,233 పాదాల కావ్యంలో డాంటే అన్న పేరు వినపడేది ఆ ఒక్కచోటే. తన పేరు తనకి దొరికిన క్షణమూ, గురువు పోయిన క్షణమూ ఒకటే.

ఇక స్వర్గం. గురుగ్రహపు మండలంలో న్యాయం తప్పని రాజుల ఆత్మలన్నీ కలిసి ఒక పెద్ద డేగ ఆకారంలో నిలబడతాయి. డాంటే నోరు విప్పకముందే, చాలా ఏళ్ళుగా లోపల ఆకలిగా ఉన్న ఆయన ప్రశ్నని ఆ డేగే బయటపెడుతుంది. సింధు నది ఒడ్డున ఒకడు పుట్టాడు. అక్కడ క్రీస్తు గురించి చెప్పేవాడు లేడు, చదివేవాడు లేడు, రాసేవాడు లేడు. అతని కోరికలు, పనులు అన్నీ మంచివే, మాటలో చేతలో పాపం లేదు. బాప్తిస్మం లేకుండా, విశ్వాసం లేకుండా చనిపోయాడు. అతన్ని దోషిగా నిలబెట్టే న్యాయం ఏది? నమ్మకపోతే తప్పు అతనిదెలా అవుతుంది?

సింధు అంటే మన వైపే. ఫ్లోరెన్స్‌వాడికి లోకం చివర ఉన్న మనిషి అంటే అప్పుడు మనవాడే గుర్తొచ్చాడు. నిజానికి డాంటే కాలంలోనే ఇంకో ఇటాలియన్, మార్కో పోలో, 1298లో జెనోవా జైల్లో ఉండగా చెప్పి రాయించిన ప్రయాణాల పుస్తకంలో మన మోటుపల్లి కూడా ఉంది. అక్కడి రాణి న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవే అని చరిత్రకారులు అంటారు. డాంటే ఊహించుకున్న ఆ మనిషి, కబురు చేరని మంచి మనిషి, ఎక్కడో ఉండి ఉంటాడని కాదు, కచ్చితంగా ఉన్నాడు. కోట్లమంది ఉన్నారు.

డేగ ఇచ్చే జవాబు మొదట కోపం తెప్పిస్తుంది. జానెడు చూపున్న నువ్వు వెయ్యి మైళ్ళ అవతలి సంగతి తీర్పు చెప్పడానికి ఎవడివి అన్నట్టు గద్దిస్తుంది. వైవాలో తెలియని ప్రశ్న అడిగితే ఎక్స్‌టర్నల్ చేసే పనే ఇది కదా అనిపిస్తుంది. కానీ అక్కడితో ఆగదు. క్రీస్తు క్రీస్తు అని నోటితో అరిచేవాళ్ళలో చాలామంది, తీర్పు రోజున, ఆయన పేరే తెలియనివాడి కంటే ఆయనకి దూరంగా ఉంటారని చెబుతుంది. తర్వాత అప్పటి యూరప్ క్రైస్తవ రాజుల పాపాలు పేరు పేరునా చదువుతుంది.

మరుసటి సర్గలో అసలు దెబ్బ. డేగ కన్ను చుట్టూ మెరిసే ఆత్మల్లో ఇద్దరు అన్యులున్నారు. ఒకరు ట్రాజన్ చక్రవర్తి. పోప్ గ్రెగరీ ప్రార్థనల వల్ల ట్రాజన్ మళ్ళీ బతికి, నమ్మి, చనిపోయాడని అప్పట్లో అందరికీ తెలిసిన కథ ఉంది, కాబట్టి సరే. రెండోవాడు రిఫియస్. ఎవరీ రిఫియస్? ట్రాయ్ నగరం తగలబడిన రాత్రి చనిపోయిన ఒక సైనికుడు. వర్జిల్ ఈనియడ్‌లో మాత్రమే కనిపిస్తాడు, అదీ నాలుగు ముక్కల్లో. ట్రాయ్‌లో అందరికంటే న్యాయవంతుడని, అయినా దేవతలు వేరే తలిచారని చెప్పి వర్జిల్ ముందుకి వెళ్ళిపోయాడు. ఎన్నో శతాబ్దాలు ఎవరూ పట్టించుకోని ఆ సైడ్ క్యారెక్టర్‌ని డాంటే స్వర్గంలో, డేగ కనుబొమ మీద కూర్చోబెట్టాడు. బాప్తిస్మం అన్నది పుట్టడానికి వెయ్యేళ్ళకి పైగా ముందు, విశ్వాసం, ఆశ, ప్రేమ అనే మూడే అతనికి బాప్తిస్మం అయ్యాయని చెప్పాడు.

ఇది ఏ పండితుడూ చెప్పలేదు, ఏ పుక్కిటి పురాణంలోనూ లేదు. పూర్తిగా డాంటే పని. మరి రిఫియస్‌కి తెరిచిన తలుపు వర్జిల్‌కి ఎందుకు తెరవలేదు? పాత్ర స్వర్గంలో, దాన్ని పుట్టించినవాడు లింబోలో. విమర్శకులు దీనికి రకరకాల కారణాలు చెబుతారు. వర్జిల్ అంటే మనిషి బుద్ధికి గుర్తు కాబట్టి ఒక హద్దు దాటకూడదని ఎక్కువమంది అంటారు. నాకైతే అది టెక్స్ట్‌బుక్ జవాబులా ఉంటుంది. డాంటే మొదటి సర్గలో గీసిన గీతని చెరపలేకపోయాడు. చెరిపితే కావ్యం కూలిపోతుంది. చెరపలేక, దాని పక్కనే చిన్న తలుపు పెట్టాడు, వర్జిల్ కలం నుంచి జారిన ఒక పేరు దాని గుండా లోపలికి వెళ్ళింది. లాటిన్‌లో రాసిన మొనార్కియా అనే రాజకీయ గ్రంథంలోనూ ఇదే విషయం ఎత్తుకుని, కబురు వినని మంచివాడికి రక్షణ లేకపోవడం న్యాయమని మనిషి బుద్ధి తనంతట తాను గ్రహించలేదని ఒప్పుకున్నాడు. విశ్వాసం తోడుంటేనే అది అర్థమవుతుందని సర్దిచెప్పుకున్నాడు. రెండుచోట్లా అదే పుండు.

ఈలోపు 1315లో ఫ్లోరెన్స్ ఒక బేరం పెట్టింది. కొంత డబ్బు కట్టి, పశ్చాత్తాపపడ్డ నేరస్తుల్లా అదే శాన్ జొవాన్నికి నడిచి వస్తే క్షమిస్తామంది. తనకి జ్ఞానస్నానం జరిగిన చోటుకి నేరస్తుడిగా నడవడానికి ఆయన ఒప్పుకోలేదు. మళ్ళీ మరణశిక్ష వేశారు, ఈసారి కొడుకులతో కలిపి. స్వర్గం గురించిన సర్గల్లో ఒకచోట, ఈ కావ్యం ఎప్పటికైనా ఆ ఊరివాళ్ళ పగని గెలిస్తే, తల నెరిసిన కవిగా తిరిగొచ్చి ఆ తొట్టి దగ్గరే కిరీటం పెట్టించుకుంటానని రాసుకున్నాడు. బయట నిలబడటం అంటే ఏంటో వర్జిల్ గురించి రాస్తున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

1321లో రవెన్నా ప్రభువు తరఫున రాయబారానికి వెనిస్ వెళ్ళి, చిత్తడి నేలల మీదుగా తిరిగొస్తూ జ్వరం పట్టుకుంది. మలేరియా అని అంటారు. సెప్టెంబర్ 13 రాత్రి, 14 తెల్లవారేలోపు పోయాడు. యాభై ఆరేళ్ళు. కావ్యం చివరి సర్గలు కనిపించకపోతే కొడుకు జాకోపోకి కలలో కనిపించి, గోడలో ఎక్కడ దాచాడో చూపించాడని బొకాచియో ఒక కథ చెప్పాడు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

పోయిన కొన్నేళ్ళకే ఒక కార్డినల్ మొనార్కియాని బొలోనియాలో తగలబెట్టించాడు, ఎముకలు కూడా తవ్వి కాల్చాలని చూశాడు. ఆ పుస్తకం తర్వాత చర్చి నిషేధ జాబితాలో 1881 దాకా ఉంది. ఇక సింధు ఒడ్డున పుట్టినవాడి సంగతి, 1964లో రెండో వాటికన్ సభ ఒక పత్రంలో రాసింది. తమ తప్పేమీ లేకుండా సువార్త తెలియనివాళ్ళు, నిజాయితీగా దేవుణ్ణి వెతికి మనస్సాక్షి చెప్పినట్టు నడిస్తే రక్షణ పొందవచ్చు అని. డాంటే ఆ డేగ నోట ప్రశ్న పెట్టి అప్పటికి ఆరు వందల ఏళ్ళు దాటింది.

ఫ్లోరెన్స్‌కి తర్వాత బుద్ధొచ్చింది. ఎముకలు ఇమ్మని రవెన్నాని అడుగుతూనే ఉంది. 1519లో పోప్ అనుమతి కూడా తెచ్చుకున్నారు, సమాధి నేను చెక్కుతానని మైకెలాంజెలో ముందుకొచ్చాడు. వచ్చి తెరిచి చూస్తే పెట్టె ఖాళీ. రవెన్నాలోని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు గోడకి కన్నం వేసి ఎముకలు తీసి దాచేశారు. అవి మళ్ళీ 1865లో, ఏదో మరమ్మతు పనిలో బయటపడ్డాయి. ఫ్లోరెన్స్‌లో శాంతా క్రోచే చర్చిలో పెద్ద సమాధి ఉంది, అందులో ఎవరూ లేరు. 2008లో నగరసభ ఆయన మీద శిక్షని రద్దు చేయాలని తీర్మానించింది.

రవెన్నాలో ఆయన సమాధి చిన్నది. లోపల ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. ఏటా సెప్టెంబర్‌లో దానికి నూనె ఫ్లోరెన్స్ నుంచి వస్తుంది.